పేరు పెట్టుకోవడానికి ఖర్చు లేదు... 'పట్టా' కావాలంటే 4,500

గానుగ నూనె, బెల్లం, పసుపు, కారం, రాగి పిండి, పచ్చళ్లు, తేనె... పండిన పంటను పండినట్టే యార్డుకు తోలకుండా ఇంటి దగ్గరే తయారుచేసి ప్యాకెట్లలో అమ్ముకుంటున్న రైతులు, మహిళా సంఘాలు చాలామందే ఉన్నారు. ప్యాకెట్ అన్నాక దానికో పేరు కావాలి. పేరు పెట్టగానే 'రిజిస్టర్ చేయించారా?' అని అడిగేవాళ్లు తయారవుతారు. 'ఇంత ఇవ్వండి, అన్నీ మేమే చూసుకుంటాం' అంటూ ఇంకొకరు వస్తారు. ఇందులో ప్రభుత్వానికి కట్టేదెంత? ఏ కాగితంతో ఏం ఒరుగుతుంది? అసలు మీకు అవసరమా? జేబులో చెయ్యి పెట్టే ముందే ఇవి తెలుసుకోవాలి.

ఉచిత కాగితాలు శిస్తు రసీదులే

ఒక్కరే సొంతంగా చేసుకునే వ్యాపారానికి మన దేశంలో 'పేరు రిజిస్ట్రేషన్' అంటూ విడిగా ఏమీ లేదు. వేరే పనుల కోసం చేయించే రిజిస్ట్రేషన్లలో పేరు కూడా రాస్తారు, అంతే.

మొదటిది ఉద్యమ్ రిజిస్ట్రేషన్. చిన్న పరిశ్రమల కోసం 2020 జూలై 1న మొదలైంది. ఆధార్ నంబరుతో చేసుకోవచ్చు. ప్రభుత్వానికి పైసా కట్టనక్కర్లేదు. ఇందుకు ఎవరైనా 'ఫీజు' అని అడిగితే అది వాళ్ల కూలీయే తప్ప సర్కారు ఫీజు కాదు.

రెండోది ఆహార భద్రత రిజిస్ట్రేషన్. పండిన పంటను ఉన్నదున్నట్టు అమ్ముకునే రైతుకు దీంతో పనిలేదు. నూనె ఆడించినా, పిండి పట్టించినా, పచ్చడి పెట్టినా మాత్రం కావాలి. 2011 నాటి నియమాల్లో చిన్న తయారీదారులకు దీని ఫీజు ఏడాదికి 100 రూపాయలుగా పెట్టారు. మూడోది జీఎస్టీ. దానికీ రిజిస్ట్రేషన్ ఫీజు లేదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ కాగితాలేవీ పేరును మీ సొంతం చేయవు. ఉదాహరణకు మీరు 'తొలకరి' పేరుతో ఉద్యమ్ చేయించారనుకోండి. పక్క మండలంలో ఇంకొకరు అదే పేరుతో చేయించుకుంటే ఆపేవారు లేరు. ఇవన్నీ శిస్తు రసీదుల్లాంటివి. పేరుకు పట్టా లాంటిది ఒక్కటే: ట్రేడ్ మార్క్.

ట్రేడ్ మార్క్ ఫీజు ఎంత?

ట్రేడ్ మార్కుల చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలవుతోంది. 2017 నాటి నియమాల ప్రకారం ఫీజులు ఇలా ఉన్నాయి. వ్యక్తి పేరున, లేదా ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థ పేరున ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే 4,500 రూపాయలు. కాగితం మీద ఇస్తే 5,000. మిగతా సంస్థలకైతే ఇవే 9,000, 10,000. మన రెండు తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై ట్రేడ్ మార్క్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి.

ఆన్‌లైన్ దరఖాస్తుకు డిజిటల్ సంతకం ఉండాలి. అది లేకే చాలామంది ఏజెంటు దగ్గరికో, వకీలు దగ్గరికో వెళతారు. వాళ్ల ఫీజు వేరు. ప్రభుత్వ ఫీజు ఎంత, మీ ఫీజు ఎంత అని రెండూ విడివిడిగా కాగితం మీద రాయించుకోవాలి.

రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్ చేయించాలి. గమనించండి, చిన్నవాళ్లకిచ్చే రాయితీ రెన్యువల్‌కు వర్తించదు. అందరికీ ఆన్‌లైన్‌లో 9,000 రూపాయలే.

ఒక్కో క్లాసుకు ఒక్కో ఫీజు

చాలామందికి తెలియని మెలిక ఇది. సరుకులను క్లాసులుగా విడగొట్టారు. వంట నూనెలు, నెయ్యి, పచ్చళ్లు 29వ క్లాసు. బియ్యం, పిండి, పసుపు, కారం, బెల్లం, తేనె 30వ క్లాసు. తాజా కూరగాయలు, పండ్లు, విత్తనాలు, నారు 31వ క్లాసు. ఫీజు ప్రతి క్లాసుకూ విడిగా కట్టాలి. ఒకే పేరుతో పసుపూ కారమూ అమ్మితే ఒక్క 4,500 చాలు. పసుపుతోపాటు గానుగ నూనె కూడా అమ్మితే రెండు క్లాసులు, అంటే 9,000. 'పనిలో పనిగా నాలుగైదు క్లాసులు వేసేద్దాం' అన్న మాటకు తలూపకండి. ఇప్పుడు అమ్ముతున్న సరుకుకే ముందు చేయించండి.

ఏ పేర్లు ఇవ్వరు?

సరుకు గుణాన్నో, రకాన్నో, ఊరినో మాత్రమే చెప్పే పేరును సాధారణంగా తిప్పికొడతారు. 'స్వచ్ఛమైన నువ్వుల నూనె', 'నాటు బెల్లం' లాంటివి అందరి మాటలు, ఒకరి సొత్తు కావు. దేవుళ్ల పేర్లతో, పురాణాల పేర్లతోనూ చిక్కే. అలాంటి పేర్లు అప్పటికే ఎందరో వాడుతుంటారు. అగరుబత్తులకు 'రామాయణ్' అన్న పేరు మీద నడిచిన కేసులో, మత గ్రంథం పేరును ఒకరు తమ సొంతమనలేరని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది.

భౌగోళిక గుర్తింపు వచ్చిన పేర్ల దారి వేరు. బంగినపల్లి మామిడికి 2017లో, తాండూరు కందికి 2022లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. వీటిని ఒక్కరు ట్రేడ్ మార్కుగా పట్టుకుపోలేరు. అయితే ఆ ప్రాంతంలో ఆ పంట పండించేవారు, ఆ సరుకు తయారుచేసేవారు అధీకృత వినియోగదారులుగా నమోదు కావచ్చు. ఆ ఫీజును 2020లో 500 నుంచి 10 రూపాయలకు తగ్గించారు. మీ పంట ఈ కోవలోదైతే ముందు ఈ పది రూపాయల పని చూసుకోండి.

దరఖాస్తు తోసిపుచ్చితే కట్టిన ఫీజు తిరిగి రాదు. కాబట్టి ముందే వెతుక్కోవాలి. ట్రేడ్ మార్క్ ఆఫీసు వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా పేర్లు వెతకవచ్చు. నెట్ సెంటర్లో కూర్చుని మీ క్లాసులో అదే పేరు గానీ, పలికితే అలాగే వినిపించే పేరు గానీ ఉందేమో చూడండి. అక్షరాలు మార్చినంత మాత్రాన పేరు కొత్తది కాదు. లేబుళ్లు అచ్చు వేయించక ముందే ఈ పని కావాలి.

ఫీజు కట్టి ఊరుకుంటే కాదు

దరఖాస్తును పరిశీలించి అభ్యంతరాలుంటే నోటీసు పంపుతారు. అది అందిన నెల రోజుల్లోగా జవాబు ఇవ్వాలి. జవాబుకు ప్రభుత్వ ఫీజు లేదు. ఇవ్వకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టే లెక్క, 4,500 నీళ్లపాలు. ఏజెంటు ద్వారా పెడితే నోటీసు అతనికే వెళుతుంది. అందుకే దరఖాస్తు నంబరు అడిగి తీసుకుని, నెలకోసారి మీరే స్థితి చూసుకోండి.

అంగీకరిస్తే పత్రికలో ప్రకటిస్తారు. ఆ తర్వాత నాలుగు నెలల లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. చెబితే వాదనకు ఖర్చవుతుంది. ఎవరూ చెప్పకపోతే సర్టిఫికెట్ వస్తుంది. వలయంలో 'ఆర్' గుర్తు అప్పుడే వేసుకోవాలి. ముందే వేస్తే నేరం. అప్పటిదాకా 'టీఎం' అని వేసుకోవచ్చు.

అందరికీ అవసరమా?

లెక్క వేసి చూడండి. పదేళ్లకు 4,500 అంటే ఏడాదికి 450. ఏటా వెయ్యి ప్యాకెట్లు అమ్మేవారికి ప్యాకెట్‌కు 45 పైసలు. వంద ప్యాకెట్లే అమ్మేవారికి నాలుగున్నర రూపాయలు. ఊళ్లోనే, తెలిసినవాళ్లకే అమ్ముకునేవారు తొందరపడనక్కర్లేదు. పట్నం దుకాణాలకు సరుకు వేస్తున్నా, పేరు చూసి అడిగేవాళ్లు వస్తున్నా ఆలస్యం చేయకూడదు.

రిజిస్టర్ చేయించకపోయినా ముందునుంచి వాడుతున్నవారికి చట్టంలో కొంత రక్షణ ఉంది. అడంగల్‌లో అనుభవదారుగా పేరున్నట్టన్నమాట. కానీ రుజువు మీరే చూపాలి. మొదటి లేబుల్, తేదీ ఉన్న బిల్లులు, ప్రెస్సు రసీదు, సంతల్లో స్టాలు పెట్టిన కాగితాలు ఒక ఫైల్లో దాచండి. దీనికి ఖర్చు లేదు. రేపు ట్రేడ్ మార్కుకు వెళ్లినా, 'ఫలానా ఏడాది నుంచి వాడుతున్నాం' అని చెప్పడానికి ఇవే ఆధారం.

సంఘాలు మరింత జాగ్రత్త

పదిమంది కష్టంతో పేరు తెచ్చుకున్న సంఘాలు ట్రేడ్ మార్కును అధ్యక్షురాలి పేరునో, లెక్కలు రాసే అబ్బాయి పేరునో పెట్టించకూడదు. కాగితం మీద ఎవరి పేరుంటే యజమాని వాళ్లే. రేపు మాట తేడా వస్తే పేరు వాళ్ల వెంట పోతుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టవుతుంది. సంస్థగా నమోదై ఉంటే సంస్థ పేరున, లేదంటే సభ్యులందరి పేరున ఉమ్మడిగా పెట్టాలి.

పదిమంది రైతులు కలిసి ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు. దాని పేరును ముందుగా కేటాయింపజేసుకోవడానికి 1,000 రూపాయలు ఫీజు, గడువు 20 రోజులు. అయితే కంపెనీ పేరు దక్కినంత మాత్రాన ప్యాకెట్ మీది పేరు దక్కినట్టు కాదు. దానికి మళ్లీ ట్రేడ్ మార్కే.

కాబట్టి వరుస ఇదీ. ముందు ఉచితంగా పేరు వెతకండి. తర్వాత ఉద్యమ్, ఆహార భద్రత కాగితాలు చేయించుకోండి. బిల్లులు దాచండి. అమ్మకం నిలదొక్కుకున్నాక, మీ సరుకున్న క్లాసుకే, సరైన పేరున 4,500 కట్టండి. పొలం గట్టు జరిగితే కొలిపించి సరిచేసుకోవచ్చు. పదేళ్లు నమ్మకంగా అమ్మి సంపాదించిన పేరు ఇంకొకరి ప్యాకెట్ మీదికి ఎక్కితే వెనక్కి తెచ్చుకోవడం అంత తేలిక కాదు.