రూటర్ కొంటున్నారా? వాట్ల కంటే ముందు కన్నం చూడండి

హార్డ్‌వేర్ షాపులో "రూటర్ కావాలి" అని అడిగితే అక్కడి కుర్రాడు నాకు వైఫై పెట్టెలు అమ్మే పక్క దుకాణం చూపించాడు. చెక్క అంచు గుండ్రం చేసేది, గాడి తీసేది అని చేతులు తిప్పి చూపించాక "ట్రిమ్మరా సార్, అలా చెప్పండి మరి" అన్నాడు. తప్పు అతనిది కాదు. మన కార్పెంటర్ల నోట ఎక్కువగా వినబడే పేరు అదే. పేరు దగ్గరే ఇంత తికమక ఉన్నప్పుడు, సెలవు రోజుల్లో సరదాగా వడ్రంగం నేర్చుకుందామనుకునే వాళ్లకి ఆ యంత్రం గురించి చేరే సలహాలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

అపోహ: ఎలాగూ కొంటున్నాం, పెద్దదే కొనేస్తే పోలా?

వాస్తవం: 12 మి.మీ. కాడ ఉన్న బిట్లు పట్టే పెద్ద రూటర్లు 1650 వాట్లు, ఆపైన ఉంటాయి. బరువు దాదాపు అయిదు కిలోలు. స్విచ్ నొక్కగానే మణికట్టుని ఒక్క కుదుపు కుదుపుతాయి. 230 వోల్టుల మీద 1650 వాట్లంటే ఏడు ఆంపియర్ల పైమాటే కాబట్టి, ఫోన్ ఛార్జర్ పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు. గీజరుకో ఏసీకో పెట్టించుకున్న ప్లగ్ దగ్గరే పని చేసుకోవాలి.

కొత్తవాళ్లు చేసే పనులేమిటి? పీట అంచులు గుండ్రం చేయడం, ఫొటో ఫ్రేముకి వెనకవైపు గాడి తీయడం, అలమర అరకి ప్లైవుడ్ కూర్చునేలా 6 మి.మీ. సందు కొట్టడం. వీటికి 500 నుంచి 700 వాట్ల చిన్న రూటర్, అంటే ట్రిమ్మర్, హాయిగా సరిపోతుంది. రెండు కిలోల లోపు బరువు, ఒక చేత్తో పట్టుకోవచ్చు. సింహద్వారానికి దిద్దే పెద్ద వంపులకీ, వంటగట్టు మందాన ఉండే చెక్కలకీ మాత్రం పెద్దది కావాల్సిందే. ఆ పని వచ్చిన రోజున కొనుక్కోండి. ఆ తర్వాతా చిన్నది మూల పడదు.

అపోహ: ట్రిమ్మర్ సన్‌మైకా అంచులు కోయడానికే.

వాస్తవం: పుట్టింది అందుకే కావచ్చు, ఆగింది అక్కడ కాదు. 6 మి.మీ. బిట్‌తో ఒక్కో విడతకి 3 మి.మీ. లోతు మించకుండా రెండు మూడు సార్లు తోలితే టేకులోనూ గాడి శుభ్రంగా పడుతుంది. ఒకేసారి లోతంతా తీసేయాలనుకునే వాళ్లే "దీనికి పవర్ చాలదు" అంటారు.

అపోహ: 6 మి.మీ. అన్నా, పావంగుళం అన్నా ఒకటే.

వాస్తవం: ఈ ఒక్కటి గుర్తుంచుకుని మిగతావన్నీ మరిచిపోయినా నాకు అభ్యంతరం లేదు. పావంగుళమంటే 6.35 మి.మీ. తేడా 0.35 మాత్రమే. కంటికి ఆనదు, చేతికీ తెలియదు.

నాకు తెలిసిందెలాగో చెబుతాను. యంత్రంతో పాటు పావంగుళం కొల్లెట్ వచ్చింది. కొల్లెట్ అంటే బిట్ కాడని చుట్టూ బిగించి పట్టే చీలికల గొట్టం. విడిగా కొన్న బిట్ కాడ 6 మి.మీ.ది. "రెండూ ఒకటే సార్, నట్టు గట్టిగా బిగించండి" అన్నాడు అమ్మినాయన. బిగించాను, బిగుసుకుంది కూడా. మామిడి పలక మీద 5 మి.మీ. లోతు పెట్టి అడుగు పొడవున గాడి తీశాను. మొదట్లో గాడి సరిగ్గానే ఉంది. చివరికొచ్చేసరికి లోతు 9 మి.మీ. దగ్గర తేలింది. బిట్ కొంచెం కొంచెంగా కిందికి జారుతూ వచ్చిందన్నమాట. విప్పి చూస్తే కాడ చుట్టూ గోకిన చారలు, నల్లటి మరకలు. ఇంకో అడుగు తోలి ఉంటే, నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతున్న ఆ ఉక్కుముక్క ఎటు పోయేదో.

పెద్ద రూటర్లలోనూ ఇదే గొడవ. 12 మి.మీ. వేరు, అరంగుళం వేరు. అరంగుళమంటే 12.7. అందుకే వాట్లు అడగడానికి ముందు కొల్లెట్ సైజు అడగండి. కొన్ని ట్రిమ్మర్లతో 6, 6.35 రెండు కొల్లెట్లూ ఇస్తారు, కొన్నింటికి 8 కూడా దొరుకుతుంది. అలా రెండు మూడు సైజులు పట్టేదే మొదటి యంత్రంగా మేలు. బిట్‌ని లోపలికి అడుగంటా తోసి, రెండు మూడు మి.మీ. వెనక్కి లాగి అప్పుడు బిగించాలి. అడుగుకి ఆనించి బిగిస్తే పట్టు సరిగా దొరకదు.

అపోహ: అమెరికాలో చవక. మనవాళ్లెవరైనా వస్తుంటే తెప్పించుకోవచ్చు.

వాస్తవం: బంధువుల సూట్‌కేసుల్లో దిగిన యంత్రాలు మన ఇళ్లలో అటక మీద చాలానే ఉన్నాయి. అక్కడి రూటర్ 120 వోల్టులది. మన 230 లో పెడితే మోటారు కాలి వాసన రావడానికి ఎంతోసేపు పట్టదు. అందులో ఉండేది కార్బన్ బ్రష్షుల మోటారు కాబట్టి 50, 60 హెర్ట్జ్ తేడా దానికి పట్టదు, వోల్టేజీయే ముంచుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు. కానీ 1500 వాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్ రూటర్ కంటే బరువు, మిగిలిందనుకున్న డబ్బు దానికే సరి. బ్యాటరీది తెప్పించుకున్నా, ఛార్జర్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో ముందు చదివించండి.

అన్నట్టు, అక్కడి పెట్టెల మీద "రెండుంపావు హార్స్‌పవర్" అని ఘనంగా ఉంటుంది. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు, అంటే మొత్తం దాదాపు 1680. అదే యంత్రం ఒంటి మీద 120 వోల్టులు, 12 ఆంపియర్లు అని ఉంటుంది. గుణిస్తే 1440. పోసిన పాల కంటే తోడుకున్న పెరుగు ఎక్కువన్నట్టుంది లెక్క! మోటారు ఆగిపోయే ముందు ఒక్క క్షణం చూపించే శక్తిని పెట్టె మీద వేస్తారు. మన దగ్గర రాసే వాట్లు కూడా యంత్రం లాక్కునే కరెంటువే, బిట్ దగ్గర అందే శక్తి అంతకంటే తక్కువ.

అపోహ: స్పీడ్ ఎంత ఉంటే కోత అంత నున్నన.

వాస్తవం: సన్నని బిట్లకి అది కొంతవరకు నిజం. నిమిషానికి 30,000 చుట్ల వేగంలో 6 మి.మీ. బిట్ అంచు గంటకు 34 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అదే వేగంలో 25 మి.మీ. బిట్ అంచు 141, 50 మి.మీ. బిట్ అంచు 283 కిలోమీటర్లు! అందుకే బిట్ వెడల్పు పెరిగేకొద్దీ వేగం తగ్గించాలి. చవక ట్రిమ్మర్లు చాలావాటికి ఒకటే వేగం, స్విచ్ వేస్తే 30,000 దాటిపోతాయి. కాస్త ఎక్కువైనా స్పీడ్ చక్రం ఉన్నదే తీసుకోమంటాను. మకీటా ఆర్‌టీ 0700 సీ లాంటి 710 వాట్ల వాటిలో వేగాన్ని 10,000 నుంచి 30,000 దాకా మార్చుకోవచ్చు. ఇక చెక్క నల్లగా మాడుతోందంటే చాలాసార్లు కారణం ఒకేచోట తచ్చాడటం, లేదా బిట్ మొండిబారడం.

అపోహ: 50 బిట్ల పెట్టె కొంటే జన్మకి సరిపోతుంది.

వాస్తవం: అందులో నలభై అయిదు పెట్టె దాటి బయటికి రావు. 6 మి.మీ. తిన్నని బిట్, కింద బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్, గుండ్రం చేసేది, 45 డిగ్రీల ఏటవాలుది. ఈ నాలుగు మంచివి కొంటే ఏడాది గడుస్తుంది. మొనకి కార్బైడ్ ముక్క అతికించినవే తీసుకోండి. ప్లైవుడ్‌లోని జిగురు మామూలు ఉక్కు బిట్‌ని చూస్తుండగానే మొండి చేస్తుంది.

అపోహ: డ్రిల్లు ఉందిగా, అందులోనే రూటర్ బిట్ పెట్టొచ్చు.

వాస్తవం: వద్దు. డ్రిల్లు 3,000 చుట్ల దరిదాపుల్లో ఆగిపోతుంది, పైగా దాని చక్ పక్కవాటు ఒత్తిడికి చేసింది కాదు.

అపోహ: ఎటు నుంచి తోసినా ఒకటే.

వాస్తవం: పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లులా తిరుగుతుంది. పలక బయటి అంచు చుట్టూ వెళ్లేటప్పుడు దానికి ఎదురు దిశలో తోలాలి, ఫ్రేము లోపలి అంచుకైతే ముల్లు తిరిగే దిశలోనే. తప్పు దిశలో తోస్తే యంత్రమే మిమ్మల్ని లాక్కుపోతుంది. పీట చేసేటప్పుడు ముందు చెక్క నారకి అడ్డంగా ఉన్న అంచులు తోలి, పొడుగు అంచులు తర్వాత తోలండి. అడ్డం అంచు చివర లేచిపోయిన పెచ్చు పొడుగు అంచుతో పాటు కొట్టుకుపోతుంది.

అపోహ: గ్లౌజులు వేసుకుంటే భయం లేదు.

వాస్తవం: తిరిగే బిట్ దగ్గర గ్లౌజే ప్రమాదం. దారం చిక్కితే వేలు వెంట పోతుంది. చున్నీ, లుంగీ, వదులు చేతుల చొక్కా కూడా అంతే. కావలసింది కళ్లద్దాలు, చెవులకి మఫ్స్, ముక్కుకి ఎన్95 మాస్కు. కలప ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి గ్రూపులో చేర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థే. కలప పీచుని జిగురుతో అదిమి చేసిన ఎండీఎఫ్ పలక కోసిన రోజు గది తలుపులు తెరిచి ఉంచండి.

షాపుకి వెళ్లేటప్పుడు బిట్ కాడ కొలవడానికి ఒక వెర్నియర్ కాలిపర్ జేబులో పెట్టుకెళ్లండి. అక్కడివాళ్లు నవ్వితే నవ్వనీయండి.