ఊపిరితిత్తిలో మచ్చ: చిన్న గాటుతో శస్త్రచికిత్స

దగ్గు రాని మనుష్యుడు లేడు. వచ్చిన దగ్గు నాలుగు దినములలో పోయినచో దానిని గూర్చి తలంచువారును లేరు. అయితే రెండు వారములు దాటియు తగ్గని దగ్గు, కళ్లెలో నెత్తుటి జీర, కారణము తెలియక బరువు తగ్గుట, గొంతు బొంగురుపోవుట, నడచినంతనే ఆయాసము కలుగుట అను లక్షణములు కనిపించినపుడు వైద్యుని చూచుట అవశ్యము. అట్టివారి ఛాతీకి ఎక్స్‌రే తీయగా ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తిలో మచ్చ కానవచ్చును. అది మొదలు ఇంటిల్లిపాదికిని నిద్ర పట్టదు. ఆ మచ్చ ఏమై యుండవచ్చునో, దానికి నేడు ఎట్టి చికిత్స గలదో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

దక్షిణ ఢిల్లీలోని కటవారియా సరాయ్ ఒకప్పటి పల్లె. నేడు నగరము దానిని చుట్టివేసినది. అచ్చటి ఇరుకు సందులలో, అంతస్తుపై అంతస్తుగా లేచిన గదులలో, పోటీ పరీక్షలకు చదువుకొను విద్యార్థులును, చిన్న ఉద్యోగులును కాపురముందురు. శీతకాలమున ఢిల్లీని కమ్ము పొగ వీరందరికిని అనుభవమే. వెలుపలి గాలిలోని కాలుష్యము కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ 2013లో నిర్ణయించినది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థయు, సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు అచ్చటికి కొలది కిలోమీటర్ల దూరముననే యున్నవి. కావున స్వగ్రామమునుండి తండ్రినో, తల్లినో చికిత్సకై ఢిల్లీకి పిలిపించుకొను తెలుగువారు ఈ విషయములను ముందుగా ఎరిగియుండుట మేలు.

మచ్చ యన్నంతనే కాన్సరా?

కాదు. మానిపోయిన క్షయ, పాత న్యుమోనియా, బూజు జాతి క్రిములు కూడ మచ్చను మిగుల్చును. మన దేశమున క్షయ విస్తారముగా నుండుటచే మరియొక చిక్కు గలదు. కళ్లె పరీక్షలో క్రిమి కనబడకున్నను, ఎక్స్‌రేలోని నీడను మాత్రమే చూచి క్షయకు మందులు వాడించుట వలన, కాన్సరు గలవారు నెలల కాలము పోగొట్టుకొనుట తరచుగా జరిగినది. ఆ నెలలలో చిన్న గడ్డ పెద్దదగును. శస్త్రచికిత్సకు లొంగునది లొంగనిదగును. దీనికి విపర్యయము కూడ కలదు. పెట్ స్కానులో కాన్సరు వెలిగినట్లే క్షయగడ్డయు వెలుగగలదు. కనుక నీడను బట్టి తీర్పు చెప్పరాదు. కండ ముక్కను తీసి పరీక్షించి నిర్ణయింపవలెను. సి.టి. స్కాను సాయమున సూదిని పంపియో, నోటి గుండ గాని ముక్కు గుండ గాని శ్వాసనాళములోనికి సన్నని దుర్భిణి గొట్టమును పంపియో ముక్కను తీయుదురు. మచ్చ వీనికి అందనిచోట నున్నచో శస్త్రచికిత్సయే మార్గము. ఆ పక్షమున మచ్చయున్న భాగమును ముందు తీసి, రోగి మత్తులో నుండగానే దానిని పరీక్షించి, కాన్సరని తేలినచో మిగిలిన పని పూర్తి చేయుదురు.

చిన్న గాటు పద్ధతి

ఛాతీలోనికి గొట్టమును పంపి చూచు పద్ధతిని 1910లో స్వీడను దేశపు వైద్యుడు యాకోబియస్ ప్రకటించెను. కాన్సరు గల ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి రోగిని బ్రతికించిన తొలి శస్త్రచికిత్స 1933లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున డాక్టర్ ఎవర్ట్స్ గ్రాహం చేసినది. ఆ కాలమున ఛాతీని పెద్దగా కోసి, ప్రక్కటెముకలను ఎడముచేసి పనిచేయవలసి యుండెను. 1990 దశకమునుండి వీడియో కెమెరా సాయమున ఒకటి మొదలు నాలుగు వరకు చిన్న గాట్ల గుండ ఈ పని చేయుట ఆరంభమైనది. ఇందు ప్రక్కటెముకలను ఎడము చేయరు. బ్రిటనులో 503 మంది రోగులతో జరిగిన పరిశోధన ఫలితములు 2022లో వెలువడినవి. చిన్న గాటు పద్ధతిలో నొప్పి, ఉపద్రవములు తక్కువనియు, రోగులు శీఘ్రముగా కోలుకొందురనియు, కాన్సరును తొలగించుటలో లోపము రాదనియు అందు తేలినది.

అందరి ఊపిరితిత్తులు ఒక్క తీరున నుండవు

కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు తమ్మెలు ఉండునని పాఠశాలలో చదువుకొందుము. ప్రతి తమ్మెకును గాలి గొట్టము, రక్తమును తెచ్చు ధమని, కొనిపోవు సిర వేరువేరుగా నుండును. ఇది సామాన్య విధి. కాని ప్రకృతి ఒకే అచ్చులో అందరిని పోయలేదు. కొందరిలో తమ్మెల నడుమ చీలిక సగము వరకే యుండి, మిగిలినది అతుకుకొని యుండును; ఇది చాల మందిలో కలదు. ఇంచుమించు నూటికి ఒకరిలో అజైగస్ అను సిర కుడి ఊపిరితిత్తి పైభాగమును మడతవేసి, అదనపు తమ్మె వలె కనిపింపజేయును. మరికొందరిలో కుడి పై తమ్మెకు పోవు గొట్టము, తన శాఖనుండి గాక నేరుగా పెద్ద వాయునాళమునుండియే పుట్టును. ఇట్టి వారికి ఏ బాధయు నుండదు; జీవితాంతము తెలియకయే పోవచ్చును. శస్త్రచికిత్స వచ్చినపుడే ఈ భేదము ప్రాణముతో ముడిపడును.

ఒక ఉదాహరణము చూడుడు. ఊపిరితిత్తినుండి గుండెకు పోవు సిరలు సాధారణముగా పైనొకటి, క్రిందనొకటి యుండును. కొందరిలో, విశేషించి ఎడమవైపున, ఈ రెండును గుండెను చేరకమునుపే కలిసి ఒకే కాండమగును. శస్త్రవైద్యుడు దానిని పై తమ్మె సిర యని భ్రమించి కోసినచో, ఉంచదలచిన క్రింది తమ్మెనుండి రక్తము బయటికి పోవు దారి మూసికొనిపోవును. చిన్న గాటు పద్ధతిలో చేతితో తడవి చూచు వీలు తక్కువ. చూపంతయు కెమెరా చూపే. అందుచేత జాగ్రత్త అధికము కావలెను.

ఈ అపాయమునకు విరుగుడు కలదు. రక్తనాళములు స్పష్టముగా కనబడునట్లు మందు ఎక్కించి సి.టి. స్కాను తీసి, ఆ చిత్రములనుండి గొట్టములను, ధమనులను, సిరలను నలువైపుల త్రిప్పి చూడదగిన నమూనాగా కంప్యూటరుపై నిర్మింతురు. శస్త్రవైద్యుడు ఏ నాళము ఎచ్చట పుట్టి ఎచ్చట ముగియునో ముందే చదువుకొనును. లోపల ప్రవేశించిన పిమ్మట ప్రతి నాళమును కొన వరకు అనుసరించి, సందేహము తీరిన తరువాతనే కత్తిరించును. రక్తస్రావమైనను, అమరిక బోధపడకున్నను, గాటును పెద్దదిచేసి తెరచి చేయుదురు. దీనిని వైఫల్యమని బంధువులు భావింపరాదు, అది వివేకము.

అడుగదగిన ప్రశ్నలు

రోగి గాని, బంధువులు గాని వైద్యుని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. కండ ముక్క పరీక్ష జరిగినదా? కాన్సరు ఎంతవరకు వ్యాపించినది? తమ్మె యంతయు తీయవలెనా, భాగము చాలునా? స్కానులో అసాధారణమైన అమరిక ఏమైన కనిపించినదా? తీసిన పిమ్మట మిగిలిన ఊపిరితిత్తి చాలునా? పాత ఎక్స్‌రేలను, స్కానులను పారవేయక వెంట తీసికొనిపోవలెను. రెండేండ్లుగా మార్పులేని మచ్చయు, ఆరు నెలలలో పెరిగిన మచ్చయు ఒక్కటి కావు. పాత చిత్రము లేనిదే ఆ తేడా తెలియదు. అర్హులైన కుటుంబములకు ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. ఢిల్లీ ఈ పథకమున 2025లో చేరినది.

మొదటి మందు

1933 నాటి ఆ రోగి, తానును వైద్యుడే, శస్త్రచికిత్స తరువాత దాదాపు 30 సంవత్సరములు జీవించెను. ఆయనకు ప్రాణదానము చేసిన డాక్టర్ గ్రాహం చిరకాలము సిగరెట్లు కాల్చినవాడు. పొగకును ఈ కాన్సరునకును గల సంబంధమును 1950లో ప్రకటించినవారిలో ఆయన ఒకరు. పిదప అలవాటు మానెను గాని ఆలస్యమైనది. 1957లో ఊపిరితిత్తి కాన్సరుతోనే మరణించెను.

బీడీ, చుట్ట, సిగరెట్టు ఏదైనను ఒక్కటే. నిప్పు కొనను నోటిలో నుంచుకొని కాల్చు అడ్డపొగ మన ఉత్తర కోస్తా స్త్రీలలో అంగిలి కాన్సరు తెచ్చుచున్నది. పొగ త్రాగని వారికిని ఊపిరితిత్తి కాన్సరు వచ్చును గనుక వారును లక్షణములను ఉపేక్షింపరాదు. మానదలచినవారు 1800-11-2356 అను ఉచిత ఫోను సంఖ్యకు పిలిచి సలహా పొందవచ్చును. శస్త్రవైద్యుని కత్తి ఎంత సూక్ష్మమైనను, మచ్చ చిన్నదై యుండగా దానిచెంతకు చేర్చవలసిన బాధ్యత మనదే.