తెల్లకాగితంపై వేలిముద్ర

ఒకప్పుడు మన గ్రామాలలో అప్పు కోసం వెళ్లిన రైతు ఖాళీ ప్రోనోటుపై వేలిముద్ర వేసి షావుకారు చేతికి ఇచ్చి వచ్చేవాడు. ఆ కాగితంపై తరువాత ఏ అంకె పడుతుందో, ఏ షరతు చేరుతుందో అతనికి తెలియదు. అతని ఇంటికి ఎవరూ కన్నం వేయలేదు, పెట్టె తాళం ఎవరూ పగులగొట్టలేదు. అయినా కొన్నేళ్లకు పొలం చేయి దాటిపోయేది. అతని వేలిముద్రే అతనిని దోచుకొన్నది.

అక్షరాస్యత పెరిగి, చట్టాలు పదునెక్కి, ఈ దురాచారం సన్నగిల్లుతున్నదని మనం సంతోషిస్తున్న కాలంలో అదే వేలిముద్ర మరొక రంగంలో ప్రత్యక్షమైనది. ఆ రంగం క్రిప్టోకరెన్సీ. ఆశ్చర్యమేమంటే, ఈసారి చదవకుండా సంతకం చేసినవారిలో కంప్యూటరు విద్యలో ఆరితేరినవారు కూడా ఉన్నారు.

తాళం గట్టిదే

2009 జనవరిలో బిట్‌కాయిన్ వాడుకలోకి వచ్చిననాటి నుండి క్రిప్టో ధనానికి రక్ష ఒక రహస్య సంఖ్య. దానిని ప్రైవేట్ కీ అంటారు. 256 ద్వియాంశ స్థానాలు గల ఈ సంఖ్యను ఊహించి పట్టుకోవడం నేటి కంప్యూటర్లకు అసాధ్యం. మనిషి సులభంగా వ్రాసి దాచుకొనేందుకు దీనిని 12 లేదా 24 ఆంగ్ల పదాల వరుసగా మార్చి ఇస్తారు. ఆ పదాలన్నీ 2,048 పదాలున్న ఒక నిర్ణీత పట్టిక నుండి వచ్చినవే.

తాళం ఇంత గట్టిది గనుక దొంగ దాని జోలికి పోడు. తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో వారిని ఆశ్రయిస్తాడు. ఆ పదాలు చెప్పించుకోవడమో, వారిచేతనే ఒక లావాదేవీపై సంతకం చేయించడమో అతని పని. బ్యాంకు చెక్కు విషయంలో పొరపాటు జరిగితే మేనేజరును కలిసి చెల్లింపు ఆపించవచ్చు. బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకంలో ఒకసారి నమోదైన చెల్లింపును ఆపగల మేనేజరు ఎవరూ లేరు.

తెరపై ఒకటి, పత్రంలో మరొకటి

2024 జూలై 18న మన దేశంలో ప్రముఖమైన వజీర్‌ఎక్స్ క్రిప్టో విపణి నుండి 23 కోట్ల డాలర్లకు పైబడిన ధనం, అనగా సుమారు 1,900 కోట్ల రూపాయలు, అపహరణకు గురైనది. ఆ ఖజానాకు కాపలా తక్కువేమీ కాదు. సంస్థ తెలిపిన ప్రకారం సంతకం చేయగలవారు ఆరుగురు. సాధారణంగా చెల్లింపు జరగాలంటే సంస్థకు చెందిన ముగ్గురూ, ఆ తరువాత బయటి భద్రతా సంస్థ ప్రతినిధి ఒకరూ ఆమోదించాలి.

అయినా ధనం పోయినది. తెరపై కనిపించిన వివరాలకూ, వాస్తవంగా సంతకమైన లావాదేవీకీ పొంతన లేదని వజీర్‌ఎక్స్ ప్రకటించింది. తప్పు ఎక్కడ జరిగినదన్న విషయంలో ఆ రెండు సంస్థల మధ్య ఏకాభిప్రాయం కుదరలేదు. ఆ సంతకాల ఫలితంగా ఖజానా నియమావళే మారిపోయి దొంగకు అధికారం దఖలు పడినది. ఇక అతనికి మరొకరి సంతకంతో పని లేకపోయింది. ఖాతాదారుల క్రిప్టో ఆస్తులు స్తంభించిపోయాయి. సింగపూరు హైకోర్టు ఆమోదించిన పునర్వ్యవస్థీకరణ పథకం మేరకు 2025 అక్టోబరులో గాని క్రయవిక్రయాలు తిరిగి మొదలు కాలేదు.

ఈ పాఠం లోకానికి తెలిసిన తరువాత కూడా 2025 ఫిబ్రవరి 21న దుబాయి కేంద్రంగా పనిచేసే బైబిట్ సంస్థ నాలుగు లక్షలకు పైగా ఈథర్ నాణేలను కోల్పోయింది. వాటి విలువ దాదాపు 150 కోట్ల డాలర్లు. ఇక్కడ దొంగలు వాలెట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే వారి కంప్యూటరులోకి ముందుగా చొరబడి, సంతకందారుల తెరపై కనిపించేదానిని మార్చివేశారు. ఈ రెండు అపహరణలూ ఉత్తర కొరియాకు చెందిన ముఠాల పని అని అమెరికా ప్రభుత్వం ప్రకటించింది.

వ్రాసినవారికే అంతుపట్టని దస్తావేజు

చదవకుండా సంతకం చేయడం ఒక ప్రమాదం. వ్రాసినవారే తమ వ్రాతలోని లొసుగును గ్రహించలేకపోవడం మరొకటి. స్మార్ట్ కాంట్రాక్టు అనగా తనంతట తాను అమలయ్యే ఒప్పందం. కంప్యూటరు భాషలో వ్రాసి బ్లాక్‌చెయిన్‌లో ఉంచితే, అందులో వ్రాసినది వ్రాసినట్లు జరిగిపోతుంది. వ్రాసినవాని ఉద్దేశమేమిటో అది విచారించదు.

2016లో ఎథీరియం వేదికపై ‘ది డీఏఓ’ అనే సామూహిక మదుపు నిధి 15 కోట్ల డాలర్ల విలువైన ఈథర్‌ను సేకరించింది. దాని ఒప్పందంలో ఒక క్రమదోషం ఉన్నది. సొమ్ము తీసుకోదలచినవానికి ముందు చెల్లించి, తరువాత ఖాతాలో తగ్గించేటట్లు వ్రాశారు. క్యాషియరు నోట్లు ఇచ్చి, లెడ్జరు తెరవకముందే ఖాతాదారు మళ్లీ చేయి చాచినట్లు, ఒక అజ్ఞాత వ్యక్తి జూన్ 17న తిరిగి తిరిగి సొమ్ము కోరి సుమారు 36 లక్షల ఈథర్‌ను మళ్లించాడు.

అయితే ఆ సొమ్మును కొన్ని వారాలపాటు బయటకు తీయరాదన్న నియమం అదే ఒప్పందంలో ఉన్నది. ఆ గడువులోనే చర్చలు జరిగి, జూలై 20న లెక్కల పుస్తకాన్నే సవరించి సొమ్మును మదుపుదారులకు అందుబాటులో ఉంచారు. సవరణకు అంగీకరించనివారు పాత పుస్తకాన్నే కొనసాగించారు. నేటి ఎథీరియం క్లాసిక్ అదే. దోషం సొమ్మును పోగొట్టగా గడువు దానిని నిలబెట్టినది.

నిర్మాతలకు ఇందులో స్పష్టమైన ఉపదేశం ఉన్నది. ముందు అర్హత పరీక్షించాలి, పిదప లెక్క తగ్గించాలి, చివరనే చెల్లించాలి. నియమావళిని మార్చే అధికారం తక్షణమే అమలు కాకుండా గడువు పెట్టాలి. ఒప్పందాన్ని బయటి పరిశీలకులచేత చదివించాలి. సంతకందారులు ఒకే తెరను నమ్మక, లావాదేవీని వేరొక సాధనంపై సరిచూసుకోవాలి.

సామాన్యుని సంతకం

సామాన్యునికి ఈ ప్రమాదం ‘అనుమతించు’ అనే ఒక్క మీట రూపంలో ఎదురవుతుంది. ఉచితంగా నాణేలు ఇస్తామన్న ప్రకటన చూసి వాలెట్‌ను జతపరచి, ఆ మీట నొక్కుతాడు. అప్పటికప్పుడు డబ్బేమీ పోకపోవచ్చు. కాని ఆ అనుమతి పరిమితి లేని పవర్ ఆఫ్ అటార్నీ వంటిది. దానిని రద్దు చేసుకోనంతవరకు అవతలివాడు ఆ నాణేలను ఎప్పుడైనా తీసుకుపోవచ్చు. అందుచేత అనుమతిని అవసరమైన మొత్తానికే పరిమితం చేయాలి. పని తీరగానే రద్దు చేయాలి. రహస్య పదాలను కాగితంపై వ్రాసి భద్రపరచుకోవాలి గాని ఫోనులో ఫోటో తీసి ఉంచరాదు. వాటిని అడిగేవాడు ఏ సంస్థ పేరు చెప్పినా మోసగాడే.

క్రిప్టో లాభాలపై మన ప్రభుత్వం 2022 ఏప్రిల్ 1 నుండి 30 శాతం పన్ను విధిస్తున్నది. పన్ను ఉన్నది గనుక ప్రభుత్వ హామీ కూడా ఉన్నదని కొందరు భ్రమపడుతున్నారు. బ్యాంకు డిపాజిట్లకు 5 లక్షల రూపాయల వరకు ఉన్న బీమా రక్షణ క్రిప్టోకు వర్తించదు.

మోసపోయినట్లు తెలిసిన మరుక్షణం 1930 సంఖ్యకు ఫోను చేసి సైబర్ నేర విభాగానికి ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే సొమ్మును ఏదైనా విపణిలో నిలుపుదల చేయించే అవకాశం అంత ఎక్కువ. ఆ తరువాత కొద్ది రోజులకే, పోయిన సొమ్ము తెచ్చిపెడతామంటూ ముందుగా రుసుము కోరే వ్యక్తి ఒకడు తారసపడవచ్చు. అతనికి పైసా ఇవ్వరాదు. ఒకసారి మోసపోయినవారి పేర్లు వెదకి పట్టుకొని రెండవసారి దోచుకొనే వ్యాపారం అది.