పోర్షే 911 పాత, కొత్త తరాలు – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 1964 నుంచి నేటివరకు ఎడతెగకుండా తయారుచేస్తున్న స్పోర్ట్స్ కారు 911. ఈ ఆరు దశాబ్దాల్లో ఎనిమిది తరాలు వచ్చాయి. మూడు మూలలక్షణాలు తప్ప కారులో మారని అంశం దాదాపు లేదు. ఏ మార్పు ఏ అవసరం వల్ల వచ్చిందో వివరించడం, పాత తరం మేలా, కొత్త తరం మేలా అనే ప్రశ్నకు ఏ ప్రమాణంతో సమాధానం చెప్పాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: పోర్షే 911, స్పోర్ట్స్ కారు, తరాలు, గాలిశీతలీకరణ, నీటిశీతలీకరణ, చోదకుడు, పోలిక.

1. ఉపోద్ఘాతం:

‘తరం’ అనే మాటను మనుషులకు వాడినప్పుడు అందులో వారసత్వం, ఎడబాటు అనే రెండు భావాలూ ఉంటాయి. యంత్రాలకు వాడినప్పుడు సాధారణంగా రెండోదే మిగులుతుంది. కొత్త తరం రాగానే పాతది పనికిరానిదవుతుంది. పోర్షే 911 ఈ రీతికి భిన్నమైనది. దీని పాత తరాలకు నేటికీ ఆదరణ ఉంది. కొన్ని పాత తరాలు వాటి తరువాత వచ్చినవాటి కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. వేగం, భద్రత, ఇంధన వినియోగం వంటి కొలవదగిన అంశాలన్నింటిలో కొత్తది ముందుండగా పాతదానికి ఇంత విలువ ఎందుకు? దీన్ని గతం మీది మమకారంగా మాత్రమే కొట్టిపారేయడం సులభం. అయితే యంత్రనిర్మాణాన్ని పరిశీలిస్తే ఇంతకన్నా స్పష్టమైన సమాధానం దొరుకుతుంది.

2. పుట్టుక – మూలలక్షణాలు:

పోర్షే 356 అనే కారుకు వారసురాలిగా కొత్త నమూనాను 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో చూపించారు. దాని రూపకర్త సంస్థ వ్యవస్థాపకుని మనుమడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే. మొదట పెట్టిన పేరు 901. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద ఫ్రాన్స్‌లో తమకు హక్కు ఉందని ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పడంతో సున్నాను ఒకటిగా మార్చారు. అలా 911 అయింది.

ఎనిమిది తరాల్లోనూ నిలిచిన లక్షణాలు మూడు. మొదటిది, ఇంజిను వెనుక ఇరుసుకు అవతల, కారు చివరన ఉండడం. రెండవది, ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు వైపులా ఎదురెదురుగా పడుకొని ఉండడం. ఈ అమరిక వల్ల ఇంజిను ఎత్తు తగ్గి బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. మూడవది, ముందు అద్దం పైనుంచి వెనుక బంపరు దాకా ఒకే వంపుతో జారే పైకప్పు రేఖ.

తరాలను సంస్థ అంతర్గత సంఖ్యలతో గుర్తించడం వాడుక. తొలి తరం తరువాత 1973లో జి శ్రేణి వచ్చింది. ఆపైన 964, 993, 996, 997, 991, 992 అనేవి వరుసగా వచ్చాయి. ఈ సంఖ్యలు అంకెల క్రమంలో లేవన్న సంగతిని పాఠకులు గమనించాలి. 997 తరువాతి తరం 991.

3. ఇంజిను స్థానం – తొలి తరాల స్వభావం:

తొలి 911 ఇంజిను 1991 ఘనసెంటీమీటర్లది. శక్తి 130 హార్స్‌పవర్. కారు బరువు సుమారు 1080 కిలోలు. ఈ బరువులో సగానికి మించిన భాగం వెనుక చక్రాల మీద పడుతుంది. దీనివల్ల ప్రయోజనం ఉంది. కారును ముందుకు నెట్టేవి వెనుక చక్రాలే కనుక, వాటి మీద బరువు ఉంటే నేల మీద పట్టు బాగుంటుంది. మలుపు దాటి వేగం పెంచేటప్పుడు చక్రాలు జారవు.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. వేగంగా మలుపు తిరుగుతూ ఉండగా భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే బరువు ముందుకు ఒరుగుతుంది. వెనుక టైర్ల మీద ఒత్తిడి తగ్గి పట్టు సడలుతుంది. చివర బరువు కట్టిన కర్రను గిరగిర తిప్పి ఆపబోతే ఆ చివర ఆగకుండా లాక్కుపోయినట్లే, ఇంజిను ఉన్న వెనుక భాగం మలుపు వెలుపలికి విసురుగా పోతుంది. కారు గింగిరాలు తిరుగుతుంది. భయం కలిగినప్పుడు మనిషి సహజంగా చేసే పని ఏదో, ఈ కారులో అదే ప్రమాదకారణం. అందుచేత మలుపుకు ముందే వేగం తగ్గించుకోవడం, మలుపులో యాక్సిలరేటర్‌ను నిలకడగా ఉంచడం అనే క్రమశిక్షణను పాత 911 తన చోదకునికి తప్పనిసరి చేసింది.

ఈ లోపం నిర్మాతలకు తెలియనిది కాదు. తొలినాళ్లలో కొన్ని కార్ల ముందు బంపరులో బరువులు అమర్చి సమతూకం కోసం ప్రయత్నించారు. 1968లో ఇంజినును కదపకుండా వెనుక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనుకకు జరిపారు. దీనితో ఇరుసుల మధ్య దూరం 2211 నుంచి 2268 మిల్లీమీటర్లకు పెరిగింది. 2011లో వచ్చిన 991 తరంలో ఈ దూరం 2450 మిల్లీమీటర్లు అయింది. ఇంజినును ముందుకు తేకుండానే చక్రాలను దాని వైపుకు జరపడం ఈ చరిత్రలో మళ్లీమళ్లీ కనిపించే పరిష్కారం.

1975లో అమ్మకానికి వచ్చిన 911 టర్బో ఈ స్వభావాన్ని మరింత తీవ్రం చేసింది. ఇంజిను నుంచి వెలువడే పొగ వేగంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని సాయంతో ఇంజినులోకి ఎక్కువ గాలిని నెట్టడం టర్బో పద్ధతి. ఆనాటి పెద్ద చక్రం వేగం అందుకోవడానికి కొంత వ్యవధి పట్టేది. చోదకుడు మలుపు మొదట్లో తొక్కిన యాక్సిలరేటర్‌కు 260 హార్స్‌పవర్ శక్తి మలుపు నడుమ ఒక్కుమ్మడిగా వచ్చి పడేది. 2015 నుంచి సాధారణ 911 కరేరాల్లోనూ టర్బోలే వాడుతున్నారు. రెండు చిన్న టర్బోలు, కంప్యూటర్ నియంత్రణ ఉండడంతో ఆ వ్యవధి చాలావరకు తగ్గింది. పద్ధతి ఒకటే అయినా రెండు తరాల్లో దాని ఫలితం వేరు.

4. గాలి నుంచి నీటికి:

1997లో వచ్చిన 996 ఈ పరంపరలో అతిపెద్ద మలుపు. అంతవరకు 911 ఇంజినును ఫ్యానుతో వీచే గాలి, లోపల తిరిగే నూనె చల్లబరిచేవి. రేడియేటర్ లేదు, నీటిగొట్టాలు లేవు. నిర్మాణం సరళం. ఆ ఫ్యాను రొదతో కలిసిన ఇంజిను ధ్వని ఈ కారుకు గుర్తుగా నిలిచింది.

ఈ పద్ధతిని వదలడానికి కారణాలు బలమైనవి. తక్కువ ఇంధనంతో ఎక్కువ శక్తి రావాలన్నా, పొగలో కాలుష్యం తగ్గాలన్నా ఒక్కొక్క సిలిండరుకు నాలుగు వాల్వులు ఉండడం మేలు. కాని నాలుగు వాల్వుల నడుమ ఇరుకైన చోట పోగయ్యే వేడిని గాలి మాత్రమే తొలగించలేదు. 1980లలో వచ్చిన 959 అనే ప్రత్యేక నమూనాలో సిలిండర్లకు గాలిని, వాల్వులున్న పైభాగాలకు నీటిని వాడడం ఈ సమస్యకు నిదర్శనం. పైగా ఇంజిను చుట్టూ ఉన్న నీటిపొర శబ్దాన్ని కూడా అణచుతుంది. కాలుష్యం, శబ్దం మీద నియమాలు కఠినమవుతున్న కాలంలో గాలిశీతలీకరణకు భవిష్యత్తు లేకుండా పోయింది.

ఆర్థికకారణం కూడా ఉంది. 1990ల ఆరంభంలో సంస్థ గడ్డు స్థితిలో ఉంది. ఖర్చు తగ్గించడానికి 996ను, తక్కువ ధర గల బాక్స్‌టర్ అనే కారును కలిపి రూపొందించారు. రెండింటి ముందుభాగంలో చాలా విడిభాగాలు ఒకటే. గుండ్రని హెడ్‌లైట్ల స్థానంలో వచ్చిన కొత్త ఆకారపు దీపాలు అభిమానులకు రుచించలేదు. 2004లో వచ్చిన 997 తరంలో గుండ్రని దీపాలు తిరిగి వచ్చాయి.

పోలికకు 993, 996 తరాలు మంచి ఉదాహరణ. 993 కరేరా సుమారు 1370 కిలోలు, 996 కరేరా సుమారు 1320 కిలోలు. శక్తిలో 996ది 300 హార్స్‌పవర్, 993ది చివరి దశలో 285. కొత్తది తేలిక, బలమైనది, లోపల విశాలమైనది. అయినా వాడిన కార్ల విపణిలో చాలాకాలంగా 993దే పైచేయి. గాలితో చల్లబడే చివరి తరం అది కావడమే ఇందుకు ముఖ్యకారణం. కొలతలు ఒకవైపు, విలువ మరొకవైపు చూపుతున్నాయంటే కొలతల్లోకి రాని గుణమేదో ఇక్కడ పని చేస్తున్నదని అర్థం.

5. చోదకుని నుంచి యంత్రానికి:

ఆ గుణమేమిటో తెలియాలంటే ఏయే పనులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడాలి. తొలి తరంలో బ్రేకు వేసేటప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసుకోవడం చోదకుని పాదం పని. 964 తరంలో బ్రేకులు బిగుసుకుపోకుండా ఆపే వ్యవస్థ, స్టీరింగుకు యంత్రసాయం, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే నమూనా వచ్చాయి. 993లో వెనుక చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్‌ను కొత్తగా నిర్మించి, మలుపులో వెనుకభాగం విసరడాన్ని బాగా అదుపుచేశారు. 996 కాలంలో కారు జారుతున్నప్పుడు దానంతట అదే ఒక్కొక్క చక్రానికి బ్రేకు వేసే వ్యవస్థ ప్రవేశించింది. 997 తరం మలిదశలో రెండు క్లచ్చులతో క్షణంలో గేరు మార్చే పెట్టె వచ్చింది. 991లో స్టీరింగుకు విద్యుత్ మోటారు అమర్చారు. 992లో చక్రాల గూళ్లలోని గ్రాహకాలు నీటితుంపరల చప్పుడును బట్టి రోడ్డు తడిగా ఉందని గుర్తించి చోదకుణ్ణి హెచ్చరిస్తాయి.

ఈ వరుసలోని ప్రతి మార్పూ ఒక నైపుణ్యాన్ని మనిషి నుంచి తీసుకొని యంత్రానికి అప్పగించింది. 2019లో అమ్మకానికి వచ్చిన 992 కరేరా 385 హార్స్‌పవర్ గలది, బరువు సుమారు 1505 కిలోలు. తొలి కారు కన్నా 400 కిలోలకు పైగా బరువెక్కినా ఒక్కొక్క హార్స్‌పవర్ మోసే భారం ఎనిమిది కిలోల నుంచి నాలుగు కిలోల లోపుకు తగ్గింది. ఇంతటి శక్తిని సామాన్య చోదకుడు సురక్షితంగా వాడగలగడం ఆ అప్పగింత వల్లనే సాధ్యమైంది. అయితే స్టీరింగు ద్వారా చేతికి తెలిసే రోడ్డు గరుకుతనం, తప్పు చేస్తే వెంటనే వచ్చే హెచ్చరిక, సరిగా చేస్తే కలిగే తృప్తి కొంత తగ్గాయి. పాత తరాన్ని కోరుకునేవారు కోరుకుంటున్నది ఈ సంబంధాన్ని. వారు ‘స్వభావం’ అని పిలుస్తున్నదీ, నిర్మాతలు ‘లోపం’గా గుర్తించి సరిదిద్దుతూ వచ్చినదీ చాలావరకు ఒకటే.

6. పోలికకు ప్రమాణం:

రెండు తరాలను ఒకే తక్కెడలో తూచడం వల్లనే వాదం తెగకుండా సాగుతోంది. కారును గమ్యం చేర్చే సాధనంగా చూస్తే కొత్త తరం శ్రేష్ఠం. ఇందులో సందేహం లేదు. పొరపాటుకు ప్రాణం బలికాకుండా చూడడం చిన్న విషయం కాదు. కారును నేర్వదగిన విద్యగా చూస్తే పాత తరానికి ప్రత్యేకస్థానం ఉంది. అయితే పాతదాని కాఠిన్యమంతా గుణమేనని చెప్పడం సరికాదు. ఆ కాలపు చోదకులు దానికి తగిన మూల్యం చెల్లించారు. చివరి ముద్రణ అయినంత మాత్రాన ఉత్తమపాఠం కాదని, ప్రాచీనప్రతి అయినంత మాత్రాన నిర్దుష్టం కాదని పరిష్కర్తలకు తెలుసు. ఇక్కడా అదే వివేకం అవసరం.

మూలలక్షణాలను నిలుపుకోవడం కూడా సహజంగా జరిగింది కాదు. ముందు ఇంజిను గల 928ను 1977లో తెచ్చినప్పుడు అది క్రమంగా 911 స్థానాన్ని తీసుకుంటుందని సంస్థ భావించింది. 1981లో అధిపతిగా వచ్చిన పీటర్ షుట్జ్ ఆ ఆలోచనను మార్చి 911ను కొనసాగించాడు. 928 తయారీ 1995లో ఆగింది. 2024లో 911 విద్యుత్ మోటారు సాయం గల హైబ్రిడ్ రూపం కూడా పొందింది. అందులోనూ ఆరు సిలిండర్ల ఇంజిను వెనుకనే ఉంది.

7. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.
1. 911 తరాల మార్పు కేవలం అలంకారం కాదు. ఇంజిను స్థానం వల్ల కలిగిన ఇబ్బందికి, కాలుష్య, శబ్ద నియమాలకు, సంస్థ ఆర్థికస్థితికి చెప్పుకున్న సమాధానాల వరుస అది.
2. మూడు మూలలక్షణాలు నిలవడం వల్ల మార్పులను పోల్చడం సాధ్యమవుతోంది. ఆధారం స్థిరంగా లేనిచోట పోలికకు అర్థం ఉండదు.
3. కొత్త తరాల్లో భద్రత, శక్తి పెరగడం, చోదకుని పాత్ర తగ్గడం వేర్వేరు పరిణామాలు కావు. అవి ఒకే మార్పుకు రెండు పార్శ్వాలు.
4. కాబట్టి ఏ తరం మేలు అనే ప్రశ్నకు ముందు, ఏ పని మనిషి చేతిలో ఉండాలి, ఏది యంత్రానికి అప్పగించాలి అనే ప్రశ్నకు సమాధానం చెప్పుకోవాలి. యంత్రాలు మన పనులను ఒక్కొక్కటిగా తీసుకుంటున్న ఈ కాలంలో ఆ ప్రశ్న కార్లకు మాత్రమే పరిమితం కాదు.