మాస్కు మీది ఆ చిన్న వాల్వు: పేటెంట్ పరీక్షలో చూసేదేమిటి?

2020 జులై 20న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి రాష్ట్రాలకు ఒక లేఖ వెళ్లింది. వాల్వు ఉన్న ఎన్‌95 మాస్కులను సామాన్య ప్రజలు వాడటం సరికాదని, అవి వైరస్‌ను బయటికి పోనీయకుండా ఆపలేవని దాని సారాంశం. అప్పటికే మందుల దుకాణాల్లోనూ, రోడ్డు పక్క బండ్ల మీదా అలాంటి మాస్కులు విరివిగా అమ్ముడవుతున్నాయి. గుండ్రని ప్లాస్టిక్ బిళ్ల ఉన్న మాస్కు మామూలు మాస్కు కంటే మెరుగైనదని చాలామంది నమ్మారు. పెట్టె మీద ‘పేటెంటెడ్’ అనే మాట కూడా కనిపిస్తే ఆ నమ్మకం ఇంకాస్త పెరుగుతుంది.

మరి ప్రభుత్వంలో ఒక విభాగం వాడవద్దంటున్న వస్తువుకు ఇంకో విభాగం పేటెంట్ ఎలా ఇస్తుంది? ఇందులో వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఆ రెండు విభాగాలు అడిగే ప్రశ్నలే వేరు. ఈ వస్తువు ఎవరికి, ఎప్పుడు మేలు చేస్తుందన్నది ఆరోగ్య శాఖ ప్రశ్న. ఇందులో ఇంతకుముందు లోకానికి తెలియనిది ఏముందన్నది పేటెంట్ కార్యాలయం ప్రశ్న. రెండో ప్రశ్నకు జవాబు వెతకడం ఎంత కష్టమో తెలుసుకోవడానికి ఆ చిన్న బిళ్ల చక్కటి ఉదాహరణ.

ఒకవైపే తెరుచుకునే తలుపు

మాస్కు వాల్వు చేసే పని చాలా తేలికైనది. గాలి పీల్చినప్పుడు మాస్కు లోపలి పీడనం బయటి కంటే కొంచెం తగ్గుతుంది. అప్పుడు పల్చని రబ్బరు రెక్క తన పీఠానికి అతుక్కుపోయి దారి మూసేస్తుంది. గాలి వడపోత పొర గుండానే లోపలికి రావాలి. ఊపిరి వదిలినప్పుడు పీడనం పెరిగి, రెక్క లేచి, వేడిగా, తేమగా ఉన్న గాలి బయటికి పోతుంది. బావి మోటారుకు బిగించే ఫుట్‌వాల్వు చూసిన రైతుకు ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. నీరు పైకి వస్తుంది, కిందికి పోదు. ఇక్కడ నీటి బదులు గాలి.

వాల్వు వల్ల వడపోత మెరుగుపడదు. మెరుగుపడేది సౌకర్యం. గ్రానైట్ కోత యంత్రం దగ్గరో, పత్తి మిల్లులోనో ఎనిమిది గంటలు మాస్కు పెట్టుకుని పనిచేసే మనిషికి లోపల చేరే వేడి, చెమ్మ భరించలేనివిగా ఉంటాయి. అతను మాస్కు తీసి పక్కన పెడితే ఎంత మంచి వడపోత అయినా వృథా. ఈ వాల్వు ధూళి నుంచి కార్మికుణ్ని కాపాడటానికి పుట్టింది, అతని ఊపిరి నుంచి ఇతరులను కాపాడటానికి కాదు. 2020 నాటి గందరగోళానికి మూలం అదే.

పని తేలికైనదే అయినా ప్రమాణాలు కఠినంగా ఉంటాయి. అమెరికా నిబంధనల ప్రకారం ఎన్‌95 మాస్కు గుండా నిమిషానికి 85 లీటర్ల గాలి పోనిచ్చినప్పుడు, ఊపిరి వదలడానికి ఎదురయ్యే నిరోధం మొదట్లో 25 మిల్లీమీటర్ల నీటి మట్టానికి మించకూడదు. అంత స్వల్ప పీడనానికే దారి ఇవ్వాలన్న మాట. మరోపక్క, మూసుకున్న వాల్వును అదే 25 మిల్లీమీటర్ల పీడనంతో లోపలికి లాగినా, నిమిషానికి 30 మిల్లీలీటర్లకు మించి గాలి కారకూడదు. తేలిగ్గా తెరుచుకోవాలి, గట్టిగా మూసుకోవాలి. ఈ రెండు షరతులూ ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. ఈ రంగంలోని ఆవిష్కరణలు చాలావరకు ఈ పేచీ చుట్టూనే తిరుగుతాయి.

1849 నాటి అడ్డంకి

పేటెంట్ దరఖాస్తులో ఎగ్జామినర్ అన్నిటికంటే జాగ్రత్తగా చదివేది చివర్లో ఉండే క్లెయిములను. మొదటి పేజీల్లో ఎంత వర్ణన ఉన్నా, బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, దరఖాస్తుదారు తనదిగా కోరుతున్న హక్కుకు సరిహద్దు గీసేవి క్లెయిములే. పొలం దస్తావేజులో నాలుగు వైపులా హద్దులు రాసినట్టన్న మాట. ఆ హద్దుల్లో అప్పటికే లోకానికి తెలిసినదేదైనా పడితే క్లెయిము నిలవదు.

‘వడపోత పొర, ఊపిరి వదిలేందుకు ఒక వాల్వు కలిగిన మాస్కు’ అని ఎవరైనా మొదటి క్లెయిము రాశారనుకుందాం. ఎగ్జామినర్ ఎంతో దూరం వెతకనక్కర్లేదు. 1849 జూన్ 12న అమెరికాలోని కెంటకీ రాష్ట్రానికి చెందిన లూయిస్ హాస్లెట్‌కు 6,529 సంఖ్యతో ఒక పేటెంట్ మంజూరైంది. ఊపిరితిత్తులను ధూళి నుంచి కాపాడే ఆ పరికరంలో తడి ఉన్ని లాంటి వడపోత ఉంది. గాలి లోపలికి ఒక దారిన, బయటికి మరో దారిన పోయేలా వాల్వులూ ఉన్నాయి. క్లెయిములోని అంశాలన్నీ ఒకే పాత పత్రంలో దొరికాయి కనుక అది కొత్తది కాదు. ఆ పత్రం వయసు 170 ఏళ్లు దాటినా, వేరే దేశానిదైనా, ఆ పరికరాన్ని ఇప్పుడు ఎవరూ వాడకపోయినా తేడా లేదు. పేటెంట్ చట్టాల దృష్టిలో పూర్వజ్ఞానానికి కాలదోషం పట్టదు.

కనుక దరఖాస్తుదారు హద్దులను కుదించుకోవాలి. రెక్కను ఎక్కడ బిగించారు? పీఠం ఆకారం ఏమిటి? రెక్క దాని మీద ఎలా కూర్చుంటుంది? అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది.

ఒక వంపు విలువ

త్రీఎం సంస్థకు 1994లో అమెరికాలో మంజూరైన 5,325,892 సంఖ్య పేటెంట్‌ను తీసుకుందాం. దాని శీర్షికలో మాస్కు అన్న మాటే లేదు, ‘ఏకదిశా ద్రవ వాల్వు’ అని మాత్రమే ఉంటుంది. ఇక్కడ ద్రవం అంటే ప్రవహించేదేదైనా, గాలి కూడా.

అంతకుముందు చాలా వాల్వుల్లో గుండ్రని రబ్బరు రెక్కను మధ్యలో గుండీలా బిగించేవారు. ఊపిరి వదిలితే అంచులు చుట్టూ లేస్తాయి. మధ్యలో బిగిస్తే వంగడానికి మిగిలే పొడవు సగమే. బల్ల అంచున స్కేలును కొంచెమే బయటికి ఉంచి వేలితో నొక్కితే వంగదు. ఎక్కువ బయటికి జరిపితే తేలిగ్గా వంగుతుంది. అదే మందం గల పట్టీ మీద సమానంగా పరుచుకున్న పీడనం పనిచేస్తుంటే, పొడవు రెట్టింపైనప్పుడు చివరి వంపు ఏకంగా 16 రెట్లవుతుంది. అంటే రెక్కను ఒక చివరే బిగించి, రెండో చివరను స్వేచ్ఛగా వదిలితే చిన్న ఊపిరికే తెరుచుకుంటుంది.

అయితే అంత తేలిగ్గా వంగే రెక్క చదునైన పీఠం మీద ఉంటే, మనిషి తల కిందికి వంచగానే తన బరువుకే వేలాడి సందు ఇస్తుంది. పనిచేసే మనిషి తల వంచకుండా ఉండడు కదా. మందం పెంచితే వేలాడదు, కానీ తెరుచుకోవడానికీ మొండికేస్తుంది.

త్రీఎం పేటెంట్ చూపిన పరిష్కారం పీఠంలో ఉంది. పక్క నుంచి చూస్తే పీఠం చదునుగా కాక వంపు తిరిగి ఉంటుంది. అదీ ఏదో ఒక వంపు కాదు. ఒక చివర బిగించిన పట్టీ మీద అన్నిచోట్లా సమాన బలం పనిచేస్తే అది ఏ ఆకారంలో వంగుతుందో పీఠానికి అదే ఆకారం ఇచ్చారు. సహజంగా చదునుగా ఉండే రెక్కను ఆ వంపు మీద కూర్చోబెడితే, అది నిటారు కావాలని ప్రయత్నిస్తూ పీఠాన్ని అంచు పొడవునా సమానంగా నొక్కుతుంది. ఆ నొక్కుడు కనీసం రెక్క బరువుకు సమానంగా ఉండేలా వంపును ఎంచుకుంటే, మాస్కును ఎటు తిప్పినా, తలకిందులు చేసినా రెక్క ఊడి వేలాడదు. ఆ బలం అవసరానికి మించదు కనుక తెరుచుకోవడమూ కష్టం కాదు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం పాఠంలోని దూలం వంపు సమీకరణం మనిషి ముక్కు ముందుకొచ్చి కూర్చుంది!

ఎగ్జామినర్‌కు తలనొప్పి కూడా సరిగ్గా ఇక్కడే. ఒక చివర బిగించిన రెక్కలు అంతకుముందే ఉన్నాయి. వంపు తిరిగిన పీఠం కూడా ఉంది. త్రీఎంకే చెందిన 1990 నాటి మరో పేటెంట్‌లో పరవలయాకారపు పీఠం శిఖరం వద్ద రెక్కను బిగించారు. సొంత సంస్థ పాత పేటెంట్ కూడా కొత్త దరఖాస్తుకు అడ్డుగా నిలబడుతుంది. ఇక దూలం వంపు సిద్ధాంతం శతాబ్దాల నాటిది. ముక్కలన్నీ పాతవే అయినప్పుడు, ‘ఈ రెండింటినీ కలిపితే సరి, ఇందులో ఏముంది?’ అనవచ్చా?

అనవచ్చు, కానీ కారణం చూపాలి. ఈ రంగంలో నైపుణ్యమున్న ఒక ఊహాజనిత వ్యక్తి ఆ తేదీ నాటికి ఆ పత్రాలు చదివి, దరఖాస్తును చూడకుండానే, ఈ రెండింటినీ ఇలా కలపాలని సహజంగా అనుకునేవాడా అన్నది అడగాల్సిన ప్రశ్న. జవాబు చూశాక ప్రతి పొడుపు కథా సులువే. చూసేసిన జవాబును మనసులోంచి తుడిచేసి ఆలోచించడం ఎగ్జామినర్ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. సమాన నొక్కుడు కోసం ఫలానా వంపే ఎంచుకోవాలని పాత పత్రాల్లో సూచన లేకపోతే అది ముందడుగు కిందికి వస్తుంది. వంపు తిరిగిన పీఠమంతా తమదేనని హద్దు చాచితే మాత్రం 1990 పత్రం తగులుతుంది.

మీర్జాపూర్ లేత్ చెప్పిన పాఠం

మన దేశంలో 1970 పేటెంట్ చట్టం కూడా దాదాపు ఇదే కొలమానం వాడుతుంది. వస్తువు కొత్తదై ఉండాలి, పరిశ్రమలో ఉపయోగపడాలి, పైగా ఆవిష్కరణలో ఒక ముందడుగు ఉండాలి. ఉన్న జ్ఞానం కంటే సాంకేతిక పురోగతి గానీ, ఆర్థిక ప్రాముఖ్యం గానీ ఉండి, నిపుణుడికి స్వతఃసిద్ధంగా తట్టనిదే ముందడుగు.

దీనికి గీటురాయిగా ఇప్పటికీ చెప్పుకునే తీర్పు వంటపాత్రల గురించినది. లేత్ మీద ఇత్తడి పాత్రలకు మెరుగు పెట్టేటప్పుడు అవి ఎగిరిపోకుండా పట్టి ఉంచే అమరికకు మీర్జాపూర్‌లోని ఒక సంస్థ పేటెంట్ పొందింది. అది కార్మికుడికి మేలు చేసింది, పనిలో వేగం పెంచింది. అయినా 1978 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. తెలిసిన పరికరాలనే వర్క్‌షాపులో అనుభవమున్న ఎవరైనా చేయగలిగినట్టు సర్దడం ఆవిష్కరణ కాదని తేల్చింది. ఉపయోగపడితే చాలదు, నిపుణుడికి కూడా సులువుగా తట్టనిదై ఉండాలి.

చట్టంలోని మూడో సెక్షన్ ‘ఎఫ్’ క్లాజు ఇంకో తలుపు మూస్తుంది. వేటికవే, తెలిసిన పద్ధతిలోనే పనిచేసే పరికరాలను ఒకచోట చేర్చినంత మాత్రాన పేటెంట్ రాదు. మాస్కుకు ఒక వాల్వు, ఒక చిన్న ఫ్యాను, ఒక బ్లూటూత్ మైకు తగిలిస్తే చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. ఫ్యాను ఫ్యానులా, మైకు మైకులా పనిచేస్తుంటే మాత్రం ఈ క్లాజు అడ్డు పడుతుంది. ఫ్యాను వేగం వాల్వు తెరుచుకునే తీరును మార్చి, ఆ రెండూ కలిసి విడివిడిగా సాధ్యం కాని ఫలితం ఇస్తే అప్పుడు కథ వేరు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి వెళ్లే దరఖాస్తులు చెన్నైలోని పేటెంట్ కార్యాలయ పరిధిలోకి వస్తాయి. దాఖలు చేసినంత మాత్రాన పరీక్ష జరగదు, అందుకు వేరే అభ్యర్థన పెట్టాలి. దానికి 48 నెలలుగా ఉన్న గడువును 2024 నిబంధనలు 31 నెలలకు తగ్గించాయి. ఎగ్జామినర్ అభ్యంతరాలతో మొదటి నివేదిక వచ్చాక జవాబుకు ఆరు నెలలు, కోరితే మరో మూడు నెలలు ఉంటాయి. ఎక్కువ దరఖాస్తుల్లో హద్దులు కుదించుకునే బేరం ఆ జవాబుల్లోనే నడుస్తుంది. దరఖాస్తు ప్రచురితమయ్యాక, పేటెంట్ మంజూరయ్యే లోపు ఎవరైనా పాత పత్రం చూపించి అభ్యంతరం చెప్పవచ్చు.

చాలామంది ఔత్సాహికులు తడబడేది ఇంతకంటే ముందే. దరఖాస్తు వేయకముందే తయారుచేసిన మాస్కును వీడియోలో చూపించేస్తారు, పత్రికలవారికి వివరిస్తారు. కొన్ని పరిమిత మినహాయింపులు తప్ప, అలా బయటపెట్టినది వారి సొంత దరఖాస్తుకే పూర్వజ్ఞానమై కూర్చుంటుంది. లూయిస్ హాస్లెట్ చేయలేని పని సొంత యూట్యూబ్ ఛానల్ చేసిపెడుతుంది.

పెట్టె మీద ఏం చూడాలి?

ఈ పరీక్ష మొత్తంలో మాస్కును ఎవరూ ముఖానికి పెట్టుకోలేదన్నది గమనించాలి. నమూనా తెప్పించి వడపోత సామర్థ్యం కొలవడం మామూలుగా పేటెంట్ కార్యాలయం పని కాదు. ఆ కొలత ప్రమాణాల సంస్థల వంతు. మన దేశంలో ఇలాంటి మాస్కులకు ఐఎస్ 9473 అనే ప్రమాణం ఉంది. ఆ కొలతల్లో నెగ్గిన మాస్కుకు పేటెంట్ ఉండనక్కర్లేదు, పేటెంట్ ఉన్న మాస్కు ఆ కొలతల్లో నెగ్గాలనీ లేదు.

2020 నాటి వాల్వు వివాదాన్ని కూడా చివరికి తూచింది ప్రయోగశాలే. అమెరికాలోని నియోష్ సంస్థ వాల్వు ఉన్న 13 రకాల మాస్కులను పరీక్షించి, ఆ ఏడాది డిసెంబరులో నివేదిక ఇచ్చింది. వాల్వును ఏమీ మూయకపోయినా, అవి లోపలి నుంచి బయటికి పోయే కణాలను సర్జికల్ మాస్కులు, గుడ్డ మాస్కులతో సమానంగానో, అంతకంటే మెరుగ్గానో తగ్గించగలవని తేలింది. లోపలి వైపు నుంచి వాల్వు మీద సర్జికల్ టేపు అంటిస్తే ఇంకా మెరుగు. వాల్వు లేని ఎన్‌95తో పోలిస్తే వెనకబాటే గానీ, అప్పట్లో భయపడినంత కాదు.

పెట్టె మీద ‘పేటెంట్ పెండింగ్’ అని ఉంటే దరఖాస్తు వేశారని మాత్రమే అర్థం. ‘పేటెంటెడ్’ అని ఉంటే సంఖ్య కోసం చూడాలి. భారత పేటెంట్ కార్యాలయపు ఇన్‌పాస్ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య కొడితే క్లెయిములు ఉచితంగా చదువుకోవచ్చు. లేని పేటెంట్ ఉందని చెప్పుకుంటే రూ.10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఇక మామూలుగా పేటెంట్ బతికేది దాఖలైన నాటి నుంచి 20 ఏళ్లే. 1994 నాటి ఆ వంపు పీఠం పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని ఇప్పుడు ఏ చిన్న పరిశ్రమైనా తయారు చేసుకోవచ్చు. అదే వంపును తనదిగా కోరుతూ ఎవరైనా కొత్తగా దరఖాస్తు వేస్తే మాత్రం ఎగ్జామినర్ ముందుగా తీసి చూపించే కాగితాల్లో అదొకటి అవుతుంది.