బుల్లి ఫ్యాను... బోలెడు వింతలు!

సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకునేవాళ్లు ప్రాసెసర్ కోసం నెలల తరబడి ఆరా తీస్తారు. ఫ్యాన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఏదో ఒకటి బిగించేద్దాం' అంటారు. ఆగండాగండి! స్క్రూడ్రైవర్ పట్టుకునేముందు ఇవి చదవండి.

మీకు తెలుసా? ఫ్యాను నాలుగు వైర్లలో నాలుగోది మోటారుకు కరెంటే ఇవ్వదు! మొదటిది గ్రౌండు, రెండోది 12 వోల్టులు, మూడోది వేగం ఎంతో మదర్‌బోర్డుకు చెప్పేది. నాలుగోది బోర్డు ఆజ్ఞలు మోసుకొచ్చేది. దాని మీద సిగ్నల్ సెకనుకు 25,000 సార్లు పడి లేస్తుంది. నిమిషానికి 1,200 చుట్లు తిరిగే ఫ్యాను ఒక్క చుట్టు పూర్తి చేసేలోపు 1,250 సార్లన్నమాట! అంత వేగం ఎందుకంటారా? మన చెవికి 20,000 దాటితే వినపడదు. కీచుమన్నా మనకు తెలియదు!

మరి ఆ నాలుగో వైరు తెగితే? ఫ్యాను ఆగిపోతుందనుకుంటున్నారా? తప్పు! ఫుల్ స్పీడు అందుకుంటుంది. ఇంటెల్ రాసిపెట్టిన నియమమే అది. ఆజ్ఞ అందలేదా, ఆగకు, పరుగెత్తు!

మూడు పిన్నుల ఫ్యాను బోర్డు మీది ఫ్యాను సాకెట్, అంటే నాలుగు పిన్నుల హెడర్‌లో హాయిగా కూర్చుంటుందని మీకు తెలుసా? ప్లగ్గు పక్కన వేలితో తడిమి చూడండి, రెండు సన్నటి గట్లు తగులుతాయి. బోర్డు మీది ప్లాస్టిక్ నాలుక వాటి మధ్యకి వెళ్లాలి. తిరగేసి పెడదామన్నా కుదరదు. కాకపోతే బయోస్‌లో పీడబ్ల్యూఎం (నాలుగో వైరు ఆజ్ఞల పద్ధతి) తీసి డీసీ (వోల్టేజీతో వేగం మార్చే పద్ధతి) పెట్టాలి. మర్చిపోయారో, గదంతా ఒకటే హోరు!

మూడో వైరు ఒక్కో చుట్టుకు రెండు పల్సులు పంపుతుంది. బోర్డు వాటిని లెక్కపెట్టి వేగం చెబుతుంది. ఒకే హెడర్‌కు రెండు ఫ్యాన్లు తగిలించే మంచి స్ప్లిటర్ కొంటే రెండో ఫ్యాను కొసకి ఆ మూడో పిన్నే ఉండదు! రెండు ఫ్యాన్లూ ఒకేసారి చెబితే బోర్డు లెక్క తప్పుతుంది కదా! పిన్ను ఊడిపోయిందంటూ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారుకి మళ్లీ పరుగెత్తకండి.

ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే కరెంటు ఖర్చు సగమవుతుందా? కాదు. ఎనిమిదో వంతుకు పడిపోతుంది! గాలి మాత్రం సగం వస్తూనే ఉంటుంది. ఇంతకన్నా మంచి బేరం ఇంకెక్కడుంది? నన్నడిగితే ఒక్క ఫ్యాన్ని పరుగులు పెట్టించేకంటే రెంటిని నెమ్మదిగా తిప్పడమే మేలు.

చాలా బోర్డుల్లో ఒక్కో హెడర్ ఇచ్చేది 1 ఆంపియర్, అంటే 12 వాట్లే. మీ ఇంట్లో 75 వాట్ల సీలింగ్ ఫ్యాను తాగే కరెంటుతో 1.5 వాట్ల కేస్ ఫ్యాన్లు ఏకంగా 50 తిప్పొచ్చు!

మీకు తెలుసా? ఆస్ట్రియా కంపెనీ నాక్టువా వారి ఎన్ఎఫ్-ఏ12×25 ఫ్యానులో రెక్క కొసకీ ఫ్రేముకీ మధ్య సందు అర మిల్లీమీటరు! నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు ఆ కొస వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటుతుంది. అయినా ఎక్కడా రాసుకోదు. అబ్బ, ఏం పనితనం!

ఇక అసలు సిసలు ఆశ్చర్యం. ఫ్యాను గూఢచర్యం చేయగలదని మీకు తెలుసా? 2016లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసి చూపించారు. ఆ కంప్యూటర్‌కు నెట్టూ లేదు, స్పీకర్లూ లేవు. లోపల దూరిన ప్రోగ్రామ్ ఫ్యాను వేగాన్ని కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఒకట్లూ సున్నాలూ పలికించింది. గదిలోనే ఉన్న ఫోను మైకు వాటిని పట్టేసింది. వేగం గంటకు 900 బిట్లు. నత్తనడకే అంటారా? ఎనిమిదక్షరాల పాస్‌వర్డ్ బయటికి రావడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు!

1980లో వచ్చిన ఆపిల్ త్రీ కంప్యూటర్‌లో అసలు ఫ్యానే లేదు. లోపల చిప్పులు సాకెట్లలోంచి కదిలిపోయేవి. అవి మళ్లీ కుదురుకోవాలంటే కంప్యూటర్‌ని కాస్త పైకెత్తి బల్ల మీద పడేయమని అప్పట్లో సలహా ఇచ్చారట!

ఫ్యాను గాలిని చల్లబరుస్తుందా? ఒక్క డిగ్రీ కూడా తగ్గించదు! వేడిని బయటికి తోస్తుంది, అంతే. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. చలికాలంలో గది 20 డిగ్రీలుంటే మీ చేతిలో 80 డిగ్రీల వెసులుబాటు. మేలో రామగుండంలో గది 40కి చేరితే మిగిలేది 60! అందుకే ఎంత వేడికి ఎంత వేగమో చెబుతూ జనవరిలో గీసుకున్న ఫ్యాన్ కర్వ్‌ని ఎండలు ముదిరేలోపు మళ్లీ గీసుకోవాల్సిందే.

గాలి ఎటు వస్తుందో తెలుసుకోవాలంటే వేలు పెట్టనక్కర్లేదు. మోటారును పట్టుకునే అడ్డకమ్మీలు ఎటుంటే గాలి అటే!

చివరగా, రంగుల లైట్ల ఫ్యాను కొన్నారా? లైట్ల ప్లగ్గులు రెండు రకాలని మీకు తెలుసా? నాలుగు పిన్నులది 12 వోల్టులు, మూడు పిన్నులది 5 వోల్టులు. మూడు పిన్నుల లైట్ల ప్లగ్గును నాలుగు పిన్నుల లైట్ల హెడర్‌కు గుచ్చితే లైట్లు మాడిపోతాయి! స్విచ్ వేసేముందు బోర్డు మీద హెడర్ పక్కన అచ్చయిన అక్షరాలు ఒక్కసారి చదవండి. కళ్లకు ఆనకపోతే ఫోనుతో ఫొటో తీసి, పెద్దది చేసి మరీ చదవండి!