శోథము - ఆహారములోని క్రొవ్వులు, పసుపు

కాలిలో ముల్లు విరిగి లోపల నిలిచిపోయినచో, కొన్ని గంటలలోనే ఆ చోటు ఎర్రబడును, వేడెక్కును, వాచును, నొప్పి పెట్టును. ఈ నాలుగు లక్షణములను ఇంచుమించు రెండువేల సంవత్సరముల క్రిందటనే రోమను గ్రంథకర్త సెల్సస్ వ్రాసియుంచెను. వీనిని కలిపి శోథము అందురు. శోథము శరీరము చేయు రక్షణకార్యము. అయితే పని ముగిసిన పిమ్మట అది చల్లారవలెను. చల్లారక సంవత్సరముల తరబడి నిలిచిన శోథము కీళ్ళను, రక్తనాళములను దెబ్బతీయును.

1882లో మెచ్నికాఫ్ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనా నగరమున, పారదర్శకమైన నక్షత్రచేప డింభకములో ముల్లు గ్రుచ్చి పరిశీలించెను. మరునాటికి సంచార కణములు ఆ ముల్లు చుట్టును మూగియుండెను. మన దేహమునందును ఇట్టి భక్షక కణములు కలవు. మనము తిను ఆహారము వీని ప్రవర్తనను మార్చగలదా? కొంతవరకు మార్చగలదు. అది ఎట్లు, ఎంతవరకు అనునది తెలిసికొనవలసిన విషయము.

కణపు పొరలోని క్రొవ్వు

ప్రతి కణమును చుట్టి క్రొవ్వు పదార్థముతో కూడిన పలుచని పొర యుండును. ఆ పొరకు కావలసిన క్రొవ్వు ఆమ్లములలో కొన్నింటిని శరీరము స్వయముగా తయారుచేసికొనజాలదు. అవి ఆహారము నుండియే రావలెను. వేరుసెనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు నూనెలలోని లినోలిక్ ఆమ్లము ఇట్టిది. దీనినుండి శరీరము అరకిడోనిక్ ఆమ్లమును తయారుచేయును. ఇందు 20 కార్బను పరమాణువులు, 4 ద్విబంధములు కలవు.

సూక్ష్మజీవి తాకినప్పుడు భక్షక కణములోని ఒక ఎంజైము ఈ ఆమ్లమును పొరనుండి విడదీయును. మరియొక ఎంజైము దానిని ప్రోస్టాగ్లాండినుగా మార్చు పనిని ఆరంభించును. నొప్పికి, వాపునకు ఇది ఒక కారణము. ఆస్పిరిన్ ఈ ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తిని ఆపునని 1971లో ఇంగ్లండులో జాన్ వేన్ కనుగొనెను.

కవళ్ళు మొదలగు సముద్రపు చేపలలో 20 కార్బనులు, 5 ద్విబంధములు గల మరియొక ఆమ్లము కలదు. దీనిని ఇ.పి.ఎ. అందురు. కొన్ని వారములు చేపనూనె పుచ్చుకొన్నవారి రక్షక కణముల పొరలలో అరకిడోనిక్ ఆమ్లము కొంత తగ్గి, ఆ స్థానమున ఇ.పి.ఎ. చేరును. పొరలోని ఎంజైములకు రెండును పనికివచ్చును. కాని ఇ.పి.ఎ. నుండి పుట్టు ప్రోస్టాగ్లాండినుకు బలము తక్కువ. పైగా, శోథమును చల్లార్చు రిసాల్వినులు అను పదార్థములు కూడ దీనినుండి ఏర్పడును. అవిసె నూనెలోని ఆమ్లము నుండియు శరీరము ఇ.పి.ఎ.ను తయారుచేయును గాని, అట్లు మారునది స్వల్పభాగమే.

దీనినిబట్టి మొదటి తెగ నూనెలు చెడ్డవని తలపరాదు. శోథము రగులుటయు అవసరమే. లేనిచో చిన్న గాయమైనను ప్రాణము మీదికి తెచ్చును.

పసుపులోని రంగు

పసుపునకు ఆ రంగునిచ్చు ముఖ్య ద్రవ్యము కర్క్యుమిన్. భక్షక కణములలో ఎన్.ఎఫ్. కప్పా బి అను ప్రోటీను కలదు. దీనిని 1986లో రంజన్ సేన్, డేవిడ్ బాల్టిమోర్ వర్ణించిరి. సాధారణముగా మరియొక ప్రోటీను దీనిని కేంద్రకము వెలుపల కట్టివేసియుంచును. అపాయ సూచన అందగానే ఆ కట్టు విడిపోవును, ఎన్.ఎఫ్. కప్పా బి కేంద్రకములో ప్రవేశించి శోథమునకు సంబంధించిన జన్యువులను మేల్కొల్పును. ప్రయోగశాలలో పెంచిన కణములకు కర్క్యుమిన్ చేర్చినపుడు ఈ కార్యము ఆగిపోయినట్లు 1995లో వెల్లడియైనది.

అయినచో పసుపు తిన్నంతనే శోథము తగ్గవలెను గదా! ఇక్కడనే చిక్కు కలదు. పసుపును నీటిలో కలిపి కొంతసేపు ఉంచుడు, అడుగున పేరుకొనును. వేడినూనెలో వేయుడు, నూనెకు రంగు పట్టును. కర్క్యుమిన్ నీటిలో కరగదు, క్రొవ్వులో కరగును. పసుపునకు సున్నము చేర్చినచో ఎర్రని పారాణి యగును. క్షారము తగిలిన ఈ అణువు మార్పు చెందునని దీనివలన తెలియును. స్వల్ప క్షారగుణము గల జలద్రావణములో సయితము అరగంటలోనే దీని అధికభాగము విచ్ఛిన్నమగును. ప్రేగులలో ఇంకినదానిని కూడ కాలేయము త్వరగా మార్చివేయును.

1998లో బెంగుళూరు పరిశోధకులు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి రక్తమును పరీక్షించిరి. అందు కనుగొనుటకే కష్టమగునంత స్వల్పముగా నుండెను. మిరియములలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు చేర్చినపుడు శోషణము సుమారు ఇరువది రెట్లు పెరిగెను. అయినను పసుపులో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్ళు మాత్రమే. ఆ 2 గ్రాములకు ఇంచుమించు 65 గ్రాముల పసుపు కావలెను. పప్పులో వేయు చిటికెడు పసుపు ఎక్కడ, ఇది ఎక్కడ!

కావున వంటలోని పసుపు మంచిదే. అది మందునకు బదులు కాజాలదు. కీళ్ళవాతము సోకినవారు పసుపును నమ్ముకొని చికిత్స మానినచో, ఈలోపున కీలు శాశ్వతముగా చెడిపోవచ్చును. అధిక మోతాదు కర్క్యుమిన్ గుళికలు, ముఖ్యముగా మిరియాల సారముతో కూడినవి, కొందరి కాలేయమునకు హాని చేసినట్లు వైద్యులు గుర్తించిరి. ఒక పదార్థము గాజుపాత్రలోని కణముపై పనిచేసినదని విన్నప్పుడు విద్యార్థి అడుగవలసిన ప్రశ్న ఒకటే: నోటిలో వేసికొన్నది కణము వరకు ఎంత చేరును?